రెపో తగ్గినా మీ హోమ్ లోన్ వడ్డీ తగ్గలేదా? తగ్గించుకోవడం ఎలాగంటే...

రిజర్వు బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) తగ్గించిందని వార్త వచ్చిన ప్రతిసారీ చాలామంది అడిగేది ఒకటే: "రేట్లు తగ్గాయంటున్నారు, మా ఈఎంఐ మాత్రం రూపాయి కూడా తగ్గలేదేంటి?" 2025 మొదట్లో 6.5 శాతం ఉన్న రెపో, అదే ఏడాది డిసెంబరుకల్లా 5.25కి దిగింది. ఒకటింపావు శాతం అంటే చిన్న విషయం కాదు. అయినా ఐదారేళ్ల కింద లోన్ తీసుకున్నవాళ్లలో చాలామంది, అదే బ్యాంకులో నిన్న మొన్న లోన్ తీసుకున్నవాళ్లకంటే ఎక్కువ వడ్డీ కడుతున్నారు. పాత ఖాతాదారుకి బ్యాంకు తనంతట తాను ఫోన్ చేసి "మీకు తగ్గిస్తాం" అనదు. అడిగినవాళ్లకే తగ్గుతుంది. ఎలా అడగాలి, కాదంటే ఏం చేయాలి అన్నదే ఇక్కడి విషయం.

ఇది ఫ్లోటింగ్ రేటు (మధ్యమధ్యలో మారే వడ్డీ) మీద లోన్ ఉండి, ఇల్లో ఫ్లాటో చేతికొచ్చి, వాయిదాలు తప్పకుండా కడుతున్నవాళ్ల కోసం. మీ ఫ్లాట్ ఇంకా కట్టుబడిలోనే ఉంటే వేరే బ్యాంకుకు మారడం కష్టం. మొదటి ఐదు మెట్లు మాత్రం మీకూ పనికొస్తాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- శాంక్షన్ లెటర్, లోన్ అగ్రిమెంట్
- గత 12 నెలల లోన్ అకౌంట్ స్టేట్‌మెంట్
- మీ క్రెడిట్ రిపోర్టు, కో-అప్లికెంట్ ఉంటే వాళ్లదీ
- జీతం స్లిప్పులు, ఫారం 16. వ్యాపారమైతే గత రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు
- ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్
- ఇంటి కాగితాల జిరాక్సులు: సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదు, తాజా ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)

ఒరిజినల్స్ బ్యాంకులోనే ఉంటాయి కదా, జిరాక్సులు కూడా దాచుకోనివాళ్లు చాలామంది ఉన్నారు. మీరూ అంతే అయితే ముందు బ్యాంకును కాపీలు అడిగి తీసుకోండి. దీనికే వారం పదిరోజులు పట్టొచ్చు.

1. మీ రేటు దేనికి ముడిపడి ఉందో చూడండి

శాంక్షన్ లెటర్‌లో "వడ్డీ రేటు" అన్న పేరా చదవండి. లోన్ ఎప్పుడు, ఎవరి దగ్గర తీసుకున్నారన్నదాన్ని బట్టి మూడింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులో తీసుకున్న ఫ్లోటింగ్ లోన్ అయితే అది బయటి బెంచ్‌మార్క్‌కు, అంటే బ్యాంకు చేతిలో లేని ఆధార రేటుకు, చాలావరకు రెపోకే, ముడిపడి ఉంటుంది. కాగితాల్లో ఈబీఎల్‌ఆర్ అనో ఆర్‌ఎల్‌ఎల్‌ఆర్ అనో రాస్తారు. కనీసం మూడు నెలలకోసారి రేటు రీసెట్ కావాలన్నది నిబంధన.

అంతకుముందు, అంటే 2016 ఏప్రిల్ నుంచి తీసుకున్నవి ఎంసీఎల్‌ఆర్ మీద ఉంటాయి. ఇంకా పాతవైతే బేస్ రేటు. ఇవి బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి తానే లెక్కగట్టుకునే రేట్లు. రెపో దిగినంత చురుగ్గా ఇవి దిగవు. అసలు సమస్య ఎక్కువగా ఇక్కడే ఉంది.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ దగ్గర తీసుకుంటే వాళ్ల సొంత రిఫరెన్స్ రేటు ఉంటుంది, పీఎల్‌ఆర్ లాంటిది. దాన్ని రెపోకు ముడిపెట్టాలన్న నిబంధన వాళ్లకు లేదు. ఒక జాగ్రత్త: బ్యాంకు పేరే తగిలించుకున్న హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు ఉన్నాయి. "నాది బ్యాంకు లోనే" అనుకుంటూ ఏళ్ల తరబడి కట్టేవాళ్లు ఉంటారు. లెటర్ పైన కంపెనీ పూర్తి పేరు చివరిదాకా చదవండి.

ఇక స్ప్రెడ్. మీ రేటు అంటే బెంచ్‌మార్క్, దానిమీద బ్యాంకు కలిపే స్ప్రెడ్. రెపో అందరికీ ఒకటే, స్ప్రెడ్ మాత్రం మీరు సంతకం పెట్టిన రోజున ఖాయమైంది. కొత్త కస్టమర్లను రాబట్టడానికి బ్యాంకులు తగ్గించేది దీన్నే. ఉదాహరణకి రెపో 5.25 ఉన్నప్పుడు మీరు 8.5 కడుతుంటే మీ స్ప్రెడ్ 3.25. కొత్తవాళ్లకు 7.5కే ఇస్తుంటే వాళ్ల స్ప్రెడ్ 2.25. రెపో ఎంత తగ్గినా ఈ ఒక శాతం తేడా మిమ్మల్ని వదలదు. మీరు అడగాల్సింది దీని గురించే.

2. నిజంగా ఎంత వడ్డీ పడుతోందో లెక్క చూసుకోండి

ఈఎంఐ తగ్గలేదంటే రేటు తగ్గలేదని కాదు. రేటు తగ్గినప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐని అలాగే ఉంచి, మిగిలిన నెలల సంఖ్యను తగ్గిస్తాయి. అది మీకు మంచిదే. కాబట్టి ఈఎంఐ చూసి ఆవేశపడకుండా ఈ చిన్న లెక్క వేయండి:

ఒక నెల వడ్డీ × 1200 ÷ ఆ నెల మొదట్లో ఉన్న అసలు = మీ వడ్డీ రేటు

స్టేట్‌మెంట్‌లో మిగిలిన అసలు 40,00,000, ఆ నెల వడ్డీ 30,000 అని ఉంటే 30,000 × 1200 ÷ 40,00,000 = 9 శాతం. కొన్ని బ్యాంకులు రోజుల లెక్కన వడ్డీ వేస్తాయి. అలాంటిచోట 31 రోజుల నెలలో కాస్త ఎక్కువ, ఫిబ్రవరిలో తక్కువ పడుతుంది. రెండు మూడు నెలలకు చూసి సగటు తీసుకుంటే తేలిపోతుంది.

తర్వాత, ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయో చూడండి. మూడు నెలలకోసారి అప్పటిదాకా కట్టిన అసలు, వడ్డీ, ఈఎంఐ మొత్తం, మిగిలిన వాయిదాలు, ఏడాది వడ్డీ రేటు చూపే స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులోనే చెప్పింది. యాప్‌లో దొరక్కపోతే బ్రాంచిలో అడగండి.

2020-21లో లోన్ తీసుకున్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. అప్పట్లో రెపో 4 శాతం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల అది 6.5కి ఎగబాకింది. 7 శాతం వడ్డీతో 20 ఏళ్లకు లక్ష అప్పుకి ఈఎంఐ 775 రూపాయలు. అదే లక్ష మీద 9.5 శాతమైతే మొదటి నెల వడ్డీయే 792. ఈఎంఐ మొత్తం కట్టినా వడ్డీకే చాలదన్నమాట. అందుకే చాలామందికి అడగకుండానే గడువు ఏళ్లకేళ్లు సాగిపోయింది. 20 ఏళ్ల లోన్ మూడేళ్లు కట్టాక కూడా ఇంకా 22 ఏళ్లు మిగిలిందని చూపిస్తే కంగారు పడకండి, లెక్క తప్పు కాకపోవచ్చు. కానీ మీరు అడగాల్సిన విషయాల్లో అది మొదటిది.

3. మీ బ్యాంకు కొత్తవాళ్లకు ఎంతకు ఇస్తోందో తెలుసుకోండి

బ్యాంకు వెబ్‌సైట్‌లో వడ్డీ రేట్ల పేజీ చూడండి. బోర్డు మీద కనిపించే "7.xx నుంచి మొదలు" అన్నది అందరికీ వచ్చే రేటు కాదు. మంచి స్కోరు, మంచి జీతం ఉన్నవాళ్లకే అది. మీ స్కోరు, లోన్ మొత్తం ఏ వరుసలోకి వస్తాయో ఆ వరుసలోని రేటు రాసుకోండి, పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తేడా పావు శాతంలోపే ఉంటే ఒక ఉత్తరంతో సరిపెట్టండి, బ్యాంకు మారే పని పెట్టుకోవద్దు. అర శాతం దాటితే గట్టిగా పట్టుకోవాల్సిందే.

4. క్రెడిట్ స్కోరు చూసుకోండి

దేశంలో నాలుగు క్రెడిట్ బ్యూరోలు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే మాట్లాడటానికి బలం ఉన్నట్టే.

స్కోరు అంకె చూసి ఆగిపోకండి. లోపల ఖాతాల జాబితా చదవండి. ఎప్పుడో మూసేసిన క్రెడిట్ కార్డు ఇంకా బాకీ చూపుతుండొచ్చు. మీరెప్పుడూ తీసుకోని లోన్ ఉండొచ్చు. "సెటిల్డ్" అన్న మాట కనిపిస్తే ప్రమాదమే, ఎందుకంటే పూర్తిగా కట్టలేదని బ్యాంకులు దానికి అర్థం చెప్పుకుంటాయి. తప్పు ఉంటే బ్యూరో వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది.

కో-అప్లికెంట్ స్కోరు సంగతి చాలామందికి గుర్తుకే రాదు. మీది 800 ఉన్నా, జతగా సంతకం పెట్టినవాళ్లది 640 ఉంటే దెబ్బ అక్కడ పడుతుంది.

5. రాసి ఇచ్చి అడగండి

ఫోన్ చేస్తే కాల్ సెంటర్‌లో "మీ రిక్వెస్ట్ నోట్ చేసుకున్నాం సార్" అంటారు, అంతే. బ్రాంచికి వెళ్తే "హెడ్డాఫీసు నుంచి రావాలండీ" అంటారు. అందుకని రాత మీదే నడపండి. ఈమెయిల్ పంపండి, లేదా రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. ఇలా రాస్తే చాలు:

"నా హోమ్ లోన్ ఖాతా నంబరు ______. మిగిలిన అసలు రూ. ______, ప్రస్తుత వడ్డీ ____ శాతం. ఇదే మొత్తానికి, నా క్రెడిట్ స్కోరు ఉన్నవారికి మీరు కొత్తగా ____ శాతానికి లోన్ ఇస్తున్నట్టు మీ వెబ్‌సైట్‌లో ఉంది. ఇప్పటివరకు నా వాయిదా ఒక్కటీ తప్పలేదు. నా రేటును ఆ స్థాయికి తగ్గించవలసిందిగా కోరుతున్నాను. ఇందుకు ఫీజు ఉంటే పన్నుతో కలిపి ఎంతో తెలపండి. ఈఎంఐ ఇప్పుడున్నంతే ఉంచి, గడువు తగ్గించండి. మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

మీ లోన్ రకాన్ని బట్టి ఒక వాక్యం చేర్చండి.

ఎంసీఎల్‌ఆర్, బేస్ రేటు మీద ఉంటే: "నా లోన్‌ను ఎక్స్‌టర్నల్ బెంచ్‌మార్క్‌కు మార్చండి." ముందస్తు చెల్లింపు ఛార్జీలు లేని ఫ్లోటింగ్ లోన్లు ఉన్నవారు ఇలా మారొచ్చని, సహేతుకమైన అడ్మినిస్ట్రేటివ్, లీగల్ ఖర్చులు తప్ప వేరే రుసుము తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2019 సర్క్యులర్‌లోనే ఉంది.

ఇప్పటికే రెపో మీద ఉంటే: "నా స్ప్రెడ్‌ను తగ్గించండి." ఇదివరకు స్ప్రెడ్‌లోని కొన్ని భాగాలను మూడేళ్లకోసారి మాత్రమే మార్చే వీలుండేది. 2025 అక్టోబరు నుంచి, ఖాతాదారును నిలుపుకోవడానికి అంతకంటే ముందే తగ్గించుకునే వెసులుబాటు బ్యాంకులకు వచ్చింది. తగ్గించి తీరాలని కాదు, తగ్గించొచ్చని. "రూల్స్ ఒప్పుకోవు" అన్న జవాబు మాత్రం ఇక చెల్లదు.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే దాదాపు అందరి దగ్గరా కన్వర్షన్ ఫీజు అనేది ఉంటుంది. ఫీజు కట్టి రేటు తగ్గించుకోవడమే. ఆ ఫీజును నెలకు మిగిలే డబ్బుతో భాగించండి. 6,000 ఫీజు, నెలకు 2,345 ఆదా అయితే మూడు నెలల్లోపే తిరిగొస్తుంది, మారు ఆలోచించక్కర్లేదు. బేరమాడితే ఫీజూ తగ్గుతుంది.

వారం పదిరోజుల్లో జవాబు రాకపోతే ఫోర్‌క్లోజర్ లెటర్ కావాలని అడగండి. లోన్ మొత్తం మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం అది. ఈ దరఖాస్తు పడ్డాక, అంతదాకా ఉలుకూ పలుకూ లేని బ్యాంకు నుంచి తరచుగా ఫోన్ వస్తుంది: "ఎందుకండీ వెళ్లిపోతున్నారు, మేమే తగ్గిస్తాం కదా." వచ్చిన ఆఫర్‌ను మెయిల్‌లో పెట్టమనండి. నోటిమాటతో ఫోర్‌క్లోజర్ దరఖాస్తు వెనక్కి తీసుకోకండి.

చాలామందికి పని ఇక్కడితోనే అయిపోతుంది. కాకపోతేనే ముందుకు పదండి.

6. బయటి ఆఫర్‌కు మొత్తం ఖర్చు లెక్క కట్టండి

రెండు మూడు బ్యాంకుల్లో కనుక్కోండి, అంతకుమించి వద్దు. పది చోట్ల దరఖాస్తు పెడితే ప్రతి ఒక్కరూ మీ క్రెడిట్ రిపోర్టు తీస్తారు, ఆ ఎంక్వయిరీలన్నీ స్కోరు మీద పడతాయి. ముందు కేవలం రేటు, ఖర్చులు కనుక్కొని, నచ్చినచోటే పాన్ ఇచ్చి దరఖాస్తు పెట్టండి.

ఫ్లోటింగ్ హోమ్ లోన్‌ను వ్యక్తులు ముందే తీర్చేస్తే పాత బ్యాంకు పెనాల్టీ వేయకూడదు, వేరే బ్యాంకు డబ్బుతో తీర్చినా సరే. ఖర్చంతా కొత్త బ్యాంకు వైపే. ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్‌టీ. లాయర్ ఒపీనియన్, వాల్యుయేషన్ ఫీజులు. తనఖా రిజిస్ట్రేషన్ చేయించాల్సి వస్తే దాని స్టాంపు డ్యూటీ, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు రుసుములు. "ప్రాసెసింగ్ ఫీజు జీరో" అన్న ఆఫర్‌లో ఈ చివరివి ఉండవు, అవి మీ జేబులోంచే పోతాయి.

రిటైల్ లోన్లకు 2024 అక్టోబరు 1 నుంచి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వడం తప్పనిసరి. ఫీజులన్నీ కలుపుకుని ఏడాదికి పడే అసలైన రేటు అందులో ఏపీఆర్ పేరుతో ఉంటుంది. రెండు ఆఫర్లను పోల్చాలంటే బోర్డు మీది వడ్డీని కాదు, ఈ ఏపీఆర్‌ను పక్కపక్కన పెట్టండి. అందులో లేని ఛార్జీని తర్వాత మీ ఒప్పుకోలు లేకుండా వేయకూడదు.

ఇప్పుడు అసలు లెక్క. మిగిలిన అసలు 40 లక్షలు, మిగిలిన గడువు 15 ఏళ్లు, 9 శాతం వడ్డీ అనుకుందాం. ఈఎంఐ 40,571. దీన్ని 8 శాతానికి మార్చుకుంటే మూడు దారులు:

- గడువు 15 ఏళ్లే ఉంచితే ఈఎంఐ 38,226. నెలకు 2,345, మొత్తం మీద సుమారు 4.2 లక్షలు మిగులుతాయి.
- ఈఎంఐ 40,571 అలాగే కడితే 161 నెలలకే లోన్ తీరుతుంది. 19 నెలల ముందే. మిగిలేది సుమారు 7.6 లక్షలు.
- మళ్లీ 20 ఏళ్లకు పెట్టుకుంటే ఈఎంఐ 33,458. నెలకు ఏడు వేలు తగ్గాయని సంబరం. కానీ మొత్తం కట్టేది 73 లక్షల నుంచి 80.3 లక్షలకు పెరుగుతుంది. వడ్డీ ఒక శాతం తగ్గించుకుని 7 లక్షలకు పైగా ఎక్కువ కట్టడమన్నమాట.

బ్యాంకు ఏజెంట్లు చూపించేది ఎక్కువగా మూడో దారే. "నెలకు ఏడు వేలు తగ్గుతుంది మేడమ్" అనగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇంట్లో నిజంగా నెలవారీ ఇబ్బంది ఉండి తీసుకుంటే వేరే సంగతి. లేకపోతే దరఖాస్తు ఫారంలో గడువు దగ్గర మీరే మీ చేత్తో "180 నెలలు" అని రాయండి. ఖాళీ వదిలితే వాళ్లు నింపేస్తారు.

ఖర్చు తిరిగొచ్చే కాలం కూడా చూడండి. మారడానికి మొత్తం 40,000 అయితే, 2,345 చొప్పున 17 నెలల్లో తిరిగొస్తుంది. ఆ పైనంతా లాభం. అదే మీకు మిగిలింది 10 లక్షలు, నాలుగేళ్లే అనుకోండి. 9 నుంచి 8కి మారినా నాలుగేళ్లలో మిగిలేది సుమారు 22,600. మారే ఖర్చులకే అది సరిపోతుంది. చివరి నాలుగైదేళ్లలో ఉన్నవాళ్లు ఐదో మెట్టు దగ్గరే ఆగిపోవడం మంచిది.

టాప్‌అప్ లోన్ గురించి ఒక మాట. మారేటప్పుడు "ఇంకో 8 లక్షలు తీసుకోండి, ఇదే రేటు" అంటారు. అవసరం లేకపోతే వద్దనండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు ఇది కూడా గమనించాలి: పాత హోమ్ లోన్ తీర్చడానికి తీసుకున్న కొత్త లోన్ వడ్డీకి ఆదాయపన్ను మినహాయింపు కొనసాగుతుంది, టాప్‌అప్‌ను ఇంటికి కాక వేరే అవసరాలకు వాడితే ఆ భాగానికి రాదు.

బీమా సంగతీ అంతే. లోన్‌కు జతగా సింగిల్ ప్రీమియం పాలసీని అంటగట్టి, ఆ ప్రీమియాన్ని లోన్‌లోనే కలిపేస్తారు. దానిమీద కూడా పదిహేనేళ్లు వడ్డీ కడతారు మీరు. తమ దగ్గరే పాలసీ కొనాలని బ్యాంకు బలవంతం చేయడానికి లేదు. కుటుంబానికి రక్షణ కావాలంటే విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి, అది లోన్ ఏ బ్యాంకుకు మారినా మీతోనే ఉంటుంది.

బ్యాంకు మారడం ఇష్టం లేకపోతే

చేతిలో కొంత డబ్బుంటే పార్ట్ పేమెంట్ చేయండి. పై ఉదాహరణలోనే, 9 శాతం దగ్గరే ఉండి, ఇవాళ 2 లక్షలు అసలులో జమ చేసి ఈఎంఐ అలాగే కడితే దాదాపు 18 నెలలు తగ్గుతాయి, 5.2 లక్షల వడ్డీ తప్పుతుంది. పైసా ఫీజు లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. జమ చేసేటప్పుడు "అసలులో జమ, గడువు తగ్గించండి" అని రాసివ్వడం మరిచిపోకండి. లేకపోతే కొన్నిచోట్ల ముందస్తు ఈఎంఐలుగా లెక్కేస్తారు, అప్పుడు వడ్డీలో మిగిలేది ఏమీ ఉండదు.

7. మారే పని

కొత్త బ్యాంకు శాంక్షన్ లెటర్ చేతికొచ్చేదాకా పాత బ్యాంకుతో తెగతెంపులు వద్దు. కొత్త బ్యాంకు మీ కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి చూస్తుంది. అప్పట్లో చూసీచూడనట్టు పోయిన డీవియేషన్ (అనుమతికి భిన్నంగా కట్టడం), ప్లాన్‌లో లేని పై అంతస్తు, తెగిపోయిన లింకు డాక్యుమెంటు లాంటివి ఇప్పుడు అడ్డం పడొచ్చు. మీ ఇంటికి అలాంటి లోటు ఉందని మీకు తెలిస్తే ప్రాసెసింగ్ ఫీజు కట్టకముందే ఆ బ్యాంకు ప్యానెల్ లాయర్‌తో మాట్లాడండి. కట్టిన ఫీజు చాలాచోట్ల వెనక్కి రాదు.

శాంక్షన్ అయ్యాక పాత బ్యాంకు నుంచి రెండు కాగితాలు కావాలి. ఒకటి ఫోర్‌క్లోజర్ లెటర్. దానిమీద ఫలానా తేదీ వరకు ఇంత, ఆపైన రోజుకు ఇంత వడ్డీ అని ఉంటుంది. రెండోది ఎల్‌ఓడీ, అంటే వాళ్ల దగ్గరున్న మీ డాక్యుమెంట్ల జాబితా. దీన్ని, లోన్ తీసుకున్న రోజున ఒరిజినల్స్ ఇచ్చినప్పటి రసీదుతో వరుసగా పోల్చండి. సేల్ డీడ్ నంబరు, సంవత్సరం, పేజీల సంఖ్య. లింకు డాక్యుమెంట్లలో ఒక్కటి తగ్గినా అప్పుడే అడగండి. లోన్ మూసేశాక అడిగితే ఆ టేబుల్ నుంచి ఈ టేబుల్‌కి తిప్పుతారు.

కొత్త బ్యాంకు చెక్కో డీడీయో పాత బ్యాంకు పేరునే ఇస్తుంది. మీ లోన్ ఖాతా నంబరు దానిమీద సరిగ్గా ఉందో చూడండి. నాలుగైదు రోజుల వడ్డీ తేడా ఉంటే అది మీరు కట్టుకోవాలి.

ఈ మధ్యలో ఒక్క ఈఎంఐ కూడా ఆపకండి. "ఎలాగూ మూసేస్తున్నాం కదా" అని ఖాతాలో డబ్బు లేకుండా చేసి, వాయిదా బౌన్స్ అయి, స్కోరు పడిపోయి, చివరి నిమిషంలో కొత్త బ్యాంకు రేటు పెంచిన సందర్భాలు ఉన్నాయి. ఒక నెల రెండు ఈఎంఐలు పడినా భరించండి, ఎక్కువ కట్టింది తిరిగొస్తుంది.

బాకీ మొత్తం తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్స్ ఇచ్చేసి, తనఖా నమోదును కూడా తీసేయించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు పరిహారం. 2023 డిసెంబరు 1 నుంచి ఈ నిబంధన ఉంది. ఒరిజినల్స్ కొత్త బ్యాంకుకు చేరడం ఆలస్యమైతే కొన్నిచోట్ల అప్పటిదాకా కాస్త ఎక్కువ వడ్డీ వేస్తారు, శాంక్షన్ లెటర్‌లో ఆ షరతు ఉందేమో ముందే చూసుకోండి.

8. పని నిజంగా అయిందో లేదో చూసుకోండి

మొదటి రెండు నెలల స్టేట్‌మెంట్లు వచ్చాక రెండో మెట్టులోని లెక్క మళ్లీ వేయండి. ఒప్పుకున్న రేటే వస్తోందా? మిగిలిన వాయిదాలు మీరు రాసిచ్చినన్నే ఉన్నాయా? "సార్, సిస్టమ్‌లో 240 పడిపోయింది" అనే జవాబు చాలా మామూలు. మొదటి నెలలోనే పట్టుకుంటే సరిచేయడం తేలిక.

పాత బ్యాంకులోని ఆటో డెబిట్ మ్యాండేట్ రద్దయిందో చూడండి. సెక్యూరిటీ కింద ఇచ్చిన చెక్కులు వెనక్కి తీసుకోండి. నో డ్యూస్ సర్టిఫికెట్ ఒరిజినల్ దాచండి. పాత లోన్‌తో వచ్చిన బీమా పాలసీ ఉంటే మిగిలిన కాలానికి తిరిగొచ్చే మొత్తం ఎంతో అడగండి.

నెలా రెండు నెలలకు క్రెడిట్ రిపోర్టు తీస్తే పాత లోన్ "క్లోజ్డ్" అని ఉండాలి. తనఖాను రిజిస్టర్ చేయించి ఉంటే తాజా ఈసీ కూడా తీయండి. పాత బ్యాంకు తనఖా, దాని కిందే దాని రద్దు, తర్వాత కొత్త బ్యాంకు తనఖా వరుసగా కనిపించాలి. రద్దు ఎంట్రీ లేకపోతే ఇప్పుడు ఏ ఇబ్బందీ అనిపించదు. పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోతే కొనేవాళ్ల లాయర్ అక్కడే వేలు పెడతాడు, అప్పటికి ఆ బ్రాంచి వేరేదాంట్లో కలిసిపోయి ఉండొచ్చు కూడా. ఇప్పుడే వెళ్లి బ్యాంకు నుంచి రిలీజ్ డీడ్ చేయించుకోండి.

బ్యాంకు పలక్కపోతే

మొదట బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే అధికారికి) సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. "నా రేటు ఎక్కువగా ఉంది" అన్న ఒక్క మాటతో వెళ్తే నిలవదు, ఎందుకంటే రేటు ఎంతన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం. రీసెట్ చేయలేదు, అడగకుండా గడువు పెంచారు, ఫోర్‌క్లోజర్ లెటర్ ఇవ్వలేదు, 30 రోజులు దాటినా డాక్యుమెంట్లు ఇవ్వలేదు లాంటి నిర్దిష్టమైన ఫిర్యాదులు నిలుస్తాయి. ఐదో మెట్టులో స్టాంపు వేయించుకున్న కాపీని జతచేయండి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ మీద అయితే ఫిర్యాదు వెళ్లాల్సింది నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు. దానికి గ్రిడ్స్ అనే పోర్టల్ విడిగా ఉంది.